కావడిలో రెండో బుట్ట

జర్మనీలోని కొలోన్‌లో ప్యాంటు పొడుగైనా, జాకెట్టు బిగుతైనా తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది జ్ఞానకుమారి. ఆ ఊళ్లోనే మ్యూల్‌హైమ్ అనే పేటలో బట్టలు సరిచేసే ఒక దుకాణంలో ఆమె పని, ఇల్లూ ఆ పేటలోనే. ఎవరు ఏ బట్ట తెచ్చినా ముందు దాని అంచు రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూస్తుంది. నూలెంత, కల్తీ ఎంత, రంగు నిలుస్తుందా వెలుస్తుందా, అన్నీ ఆ నలుపులో తేలిపోతాయి. తర్వాతే టేపు తీస్తుంది.

కానీ ఆమె చేతికి అసలు వచ్చిన విద్య కుట్టు కాదు, గీత. శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్చిన మనిషి. వెదురు పుల్ల కొసకు గుడ్డపీలిక చుట్టి, దారం బిగించి, బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు ఊరేసి తీసిన నల్లరంగులో ముంచి, వేళ్లతో మెల్లగా నొక్కుతూ పోతే బట్ట మీద గీత దిగుతుంది. దిగిందంటే ఇక అంతే. చెరిపితే చెరిగేది కాదు, ఉతికితే పోయేది కాదు. అందుకే ఆ పని చేసేవాళ్లకు రెండిట్లో ఒకటి వస్తుంది: భయమన్నా వస్తుంది, ధైర్యమన్నా వస్తుంది. జ్ఞానకుమారికి ధైర్యం వచ్చింది.

నేర్పినాయన వాసుదేవరావు మాస్టారు. క్రైస్తవుల మిషన్ కాంపౌండులో పెరిగిన ఈ పిల్లను తన చాప మీద కూర్చోబెట్టుకుని, ఏడాది పొడుగునా పురాణాలు గీయించేవాడు. క్రిస్మస్ దగ్గరపడితే చర్చిల కోసం పశువుల పాకా, గొర్రెల కాపరులూ గీయించేవాడు. బట్టను గడులు గడులుగా విడగొట్టడం, ఒక్కో గడిలో కథ ఒక్కో అడుగు వేయడం కలంకారీ పద్ధతి. మాస్టారు మాత్రం కథ మొత్తం ఎప్పుడూ ముందుగా చెప్పేవాడు కాదు. ఏ గడి గీయాలో ఆ గడికి సరిపడా చెప్పి ఆపేసేవాడు. "చివర ఏమైందో తెలిస్తే చెయ్యి అప్పుడే అక్కడికి పరిగెత్తుతుంది. ముందు ఈ గడి నింపు" అనేవాడు. ఆ అలవాటు జ్ఞానకుమారి ఒంట్లో ఇంకిపోయింది.

అక్కడి బట్టలన్నీ కార్ఖానా పేరు మీద అమ్ముడయ్యేవి. ఏ ముఖం ఎవరు గీశారో కొన్నవాళ్లకు తెలిసేది కాదు. అది ఊరి పద్ధతి గనుక ఆమెకు దాని మీద కోపం లేదు. ఆశ మాత్రం ఉండేది. గోడ మీద వేలాడే బట్ట పక్కన తన పేరు ఒక్కసారి చూసుకోవాలని. పెళ్లయింది. భర్త టైటస్‌కు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కావడంతో జర్మనీ వచ్చింది. కూతురు ఈవా పుట్టి, పెరిగి, అమ్మ తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబు చెప్పే వయసుకు వచ్చింది. ఆ ఆశ మాత్రం అలాగే ఉంది.

దానికి దారి చర్చిలో దొరికింది. కొలోన్ తెలుగు క్రైస్తవులు ఒక జర్మన్ చర్చి హాలు అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకుంటారు. క్రిస్మస్‌కు వేదిక వెనక తెర జ్ఞానకుమారి గీసిందే. ఆ రోజు అతిథిగా వచ్చిన ఒక జర్మన్ స్త్రీ బిర్యానీ ప్లేటు చేతిలో పట్టుకుని, తినడం మరచి, తెర ముందే నిలబడిపోయింది. అందరూ ఆమెను ఫ్రావు ఎస్సర్ అంటారు, అంటే ఎస్సర్ గారు. ఆకెన్‌లో ఒక చిన్న మ్యూజియంలో ప్రదర్శనలు ఏర్పాటు చేసే ఉద్యోగం ఆమెది.

కొత్త సంవత్సరం వచ్చాక ఇద్దరూ ఆకెన్ స్టేషన్ పక్కన ఒక కాఫీ దుకాణంలో కలిశారు.

"రోమన్ల పాత మహాకావ్యం ఒకటి ఉంది. రెండు వేల ఏళ్లుగా చిత్రకారులు దాన్ని గీస్తూనే ఉన్నారు" అంది ఫ్రావు ఎస్సర్. "అందులో ఒకే ఒక దృశ్యం తీసుకుని, ఎవరెవరు ఎలా గీశారో పక్కపక్కన పెడుతున్నాను. తగలబడుతున్న ఊళ్లోంచి ఒక మనిషి కుటుంబంతో బయటపడే దృశ్యం. చిక్కేమిటంటే, వీళ్లంతా ఒకరి బొమ్మ చూసి ఒకరు గీసినవాళ్లే. బొమ్మ చూడకుండా, కథ మాత్రం విని గీసేవాళ్లు నాకు కావాలి. మీరు గీస్తారా?"

"నా పేరు ఉంటుందా?" అని అడిగింది జ్ఞానకుమారి. సిగ్గుపడలేదు.

"పెద్ద హాల్లో, మిగతావాళ్ల పేర్లు ఎంత అక్షరాల్లో ఉంటాయో అంతే అక్షరాల్లో."

"అయితే చెప్పండి."

ఫ్రావు ఎస్సర్ చెప్పింది. శత్రువులు కొయ్యగుర్రం కడుపులో దాక్కుని కోటలోకి వచ్చారు. ఊరంతా మంటలు. వీరుడు ఇంటికి పరిగెత్తాడు. తండ్రి ముసలివాడు, నడవలేడు. ఇంటి దేవతల బొమ్మలు తండ్రి ఒళ్లో పెట్టి, ఆయన్ను ఎత్తుకున్నాడు. చిన్న కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. భార్యను కూడా తీసుకుని కోట గుమ్మం వైపు బయలుదేరాడు. "అప్పుడు..." అంటుండగానే జ్ఞానకుమారి అరచెయ్యి ఎత్తింది.

"చాలండీ. ఈ గడికి ఇంతే. ఇది అయినాక మిగతాది చెబుదురు."

ఫ్రావు ఎస్సర్‌కు ఆ మాట నచ్చింది. బొమ్మలు చూడకూడదన్న తన నియమానికి ఇది ఇంకా మంచి తోడనుకుంది. కథ అక్కడితో ఆగిపోయింది.

ఇంటికొచ్చి జ్ఞానకుమారి పని మొదలుపెట్టింది. బట్టను కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టాలి. పాలల్లో వెన్న లేకపోతే గీత చెదిరిపోతుంది. టైటస్ అది తెలియక డైటింగ్ చేసేవాళ్లు తాగే పాల ప్యాకెట్లు మోసుకొచ్చాడు. ముందు పరీక్షగా ముంచిన గుడ్డముక్క మీద నల్లగీత గొంగళిపురుగులా బొచ్చు పోసింది.

"కొవ్వు తీసేసిన పాలు తెచ్చినారే! కలంకారీ బట్టకు కూడా షుగరు ఉందనుకున్నారా?"

"డాక్టరు నాకు అదే తాగమన్న్యాడు గదా కుమారీ, బట్టకు మాత్రం ఎందుకు ఎక్కువ అనుకున్న్యా."

చివరికి చర్చి స్నేహితులు ఎవరో ఊరవతల గేదెలు పెంచే ఒక జర్మన్ రైతు దగ్గర్నుంచి పాలు తెచ్చిపెట్టారు. బాల్కనీలో ఊరుతున్న బెల్లం, ఇనుప నీళ్ల వాసనకు పక్కింటావిడ తలుపు కొట్టింది. జ్ఞానకుమారి ఆమెను లోపలికి పిలిచి, కుండ మూత తీసి చూపించి, టీ ఇచ్చి పంపింది. బట్ట ఉతకడానికి స్వర్ణముఖి నది లేదు గనుక స్నానాల తొట్టి, షవరు గొట్టం దానికి సాయం వచ్చాయి. ఈవా స్నానానికి పక్క వీధిలో స్నేహితురాలి ఇంటికి వెళ్లాల్సి వచ్చింది.

"దస్ గేట్ నిష్ట్, మమ్మీ!" ఇలా కుదరదంటూ ఈవా కాళ్లు నేలకేసి కొట్టింది.

"ఎందుకు గేట్ నిష్ట్? గేట్ అవుతుంది పో" అంది తల్లి.

చింతపుల్ల బొగ్గుతో బట్ట మీద ఉజ్జాయింపుగా గీసుకునేటప్పుడు అసలు ప్రశ్న ఎదురైంది. నడవలేని తండ్రిని కొడుకు ఎలా మోస్తాడు? జ్ఞానకుమారికి అందులో ఆలోచించాల్సింది ఏమీ కనిపించలేదు. కళ్లులేని తల్లిదండ్రులను కొడుకు మోసుకెళ్లే గడి మాస్టారి దగ్గర ఆమె ఎన్నోసార్లు గీసింది. వీరుడి భుజం మీద వెదురు బద్ద పెట్టింది. రెండు కొసలకూ ఉట్లు వేలాడదీసింది. ముందు బుట్టలో తండ్రిని కూర్చోబెట్టి, ఒళ్లో దేవతల బొమ్మలు పెట్టింది. మరి వెనక బుట్ట? కావడి ఒక పక్క బరువుతో నడవదు. రాళ్లు పెడదామంటే, ఊరు తగలబడుతుంటే రాళ్లు మోసేవాడు ఎవడు? భార్య ఉంది గదా! ఆమెను కూర్చోబెట్టింది. రెండు పక్కలా సమంగా తూగింది. చిన్న కొడుకు వీరుడి పంచె అంచు పట్టుకుని పక్కన నడిచాడు. వెనక గోపురాల్లాంటి బురుజుల మీద మంటలు నాలుకలు చాపాయి.

టైటస్ వంగి చూశాడు. "మామను, పెళ్లాన్ని ఒకే కావడిలో పెట్టినావే. దారంతా ఒకటే పోట్లాట ఉంటాదేమో!"

"అందుకే గదా, మధ్యలో వాడి తలకాయ అడ్డం పెట్టింది."

నల్లగీత దిగింది. తర్వాత రంగు పట్టడానికి పటిక, ఎరుపు, ఆడవాళ్ల ముఖానికి పసుపు, అక్కడక్కడా నీలి. కింది భాగం, బట్టలో మూడోవంతు, తర్వాత కథ కోసం ఖాళీగా వదిలి ఫ్రావు ఎస్సర్‌కు ఫోన్ చేసింది.

ఆమె కొలోన్ వచ్చింది. బట్ట ముందు చాలాసేపు నిలబడింది. మంటలు మెచ్చుకుంది, పిల్లవాడి నడక మెచ్చుకుంది. రెండో బుట్ట దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు మారింది.

"ఇందులో కూర్చున్నది ఎవరు?"

"భార్య."

ఫ్రావు ఎస్సర్ కుర్చీలో కూలబడింది. "ఆమె బయటపడదు. ఆయన ఆమెను దూరంగా వెనక నడిచి రమ్మంటాడు. గుమ్మం దాటి, కొండ దగ్గర అందరూ కలిసేదాకా వెనక్కి తిరిగి చూడడు. చూసేసరికి ఆమె లేదు."

జ్ఞానకుమారి వంగి రెండో బుట్ట గీతను వేలితో తడిమింది. గీసింది పోయేది కాదు. ఇలాంటి బట్ట మళ్లీ తయారుచేసేంత వ్యవధి లేదు, ప్రదర్శన నెత్తి మీదికి వచ్చేసింది.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు గదండీ!"

"చాలని చెయ్యెత్తింది మీరే."

అది నిజమే. జ్ఞానకుమారికి నవ్వొచ్చింది. ఫ్రావు ఎస్సర్‌కు రాలేదు. మ్యూజియం డైరెక్టరు ముక్కుసూటి మనిషి అని ఆమెకు తెలుసు. మర్నాడు బట్ట ఫొటోలు ఆయనకు చూపిస్తే ఆమె భయపడ్డట్టే అయింది. చూడ్డానికి బడిపిల్లలు వస్తారు, ఈ కావ్యాన్నే పాఠంగా చదివేవాళ్లు వస్తారు, అందులో లేని దృశ్యాన్ని అందులోదని పెద్ద హాల్లో పెట్టలేం అన్నాడాయన. బట్ట బాగుంది గనుక క్యాంటీన్ దారిలో వేలాడదీద్దాం, కింద 'భారతీయ వస్త్రకళ' అని రాద్దాం అన్నాడు.

"పేరు?" అని ఫోన్‌లో అడిగింది జ్ఞానకుమారి.

"అక్కడ పేర్లు పెట్టే పద్ధతి లేదట" అంది ఫ్రావు ఎస్సర్, గొంతు తగ్గించి.

"అయితే నా బట్టను అక్కడ పెట్టొద్దు. నేనే వస్తాను, ఆయనతో మాట్లాడతాను. దానికంటే ముందు మిగతావాళ్ల బొమ్మలు నాకు చూపించండి. ఎట్లాగూ నా గడి అయిపోయింది గదా."

శనివారం టైటస్‌ను తోడు తీసుకుని, బట్ట చుట్టి చంకలో పెట్టుకుని రైలెక్కింది. టైటస్ దారిలో అన్నాడు: "పోనీలే కుమారీ, క్యాంటీన్ దగ్గరైతే జనం ఇంకా ఎక్కువ వస్తారు గదా."

"కాఫీ కోసం వచ్చేవాళ్లు కాఫీనే చూస్తారు."

పెద్ద హాల్లో బొమ్మలు గోడలకు ఆనించి పెట్టి ఉన్నాయి. జ్ఞానకుమారి ఒక్కొక్కదాని ముందూ గొంతుక్కూర్చుని చూసింది. మట్టి దీపం ఒకటి, దాని మీద అచ్చుపోసిన బొమ్మలో తండ్రి కొడుకు భుజం మీద, తిరునాళ్లలో పిల్లాడు కూర్చున్నట్టు కూర్చున్నాడు. కాగితం మీది ఒక పాత అచ్చుబొమ్మలో బియ్యపు మూటలా వీపున వేలాడుతున్నాడు. నూనె రంగుల పటంలో వీరుడు కండలు తిరిగిన ఒంటితో తండ్రిని రెండు చేతుల మీద అడ్డంగా ఎత్తుకున్నాడు. అలా నాలుగు అడుగులు కూడా వేయలేడని ఆమె అనుకుంది. కానీ ఆ ముసలాయన చెయ్యి కొడుకు మెడ చుట్టూ బిగిసిన తీరు చూసి, ఇది గీసినవాడు గట్టి పనివాడేనని కూడా ఒప్పుకుంది. ఒక పింగాణీ పళ్లెం మీద మంటలు పువ్వుల్లా ఉన్నాయి. ఆ పళ్లెం ఆమెకు అన్నిటికన్నా నచ్చింది.

తర్వాత మళ్లీ మొదటికి వచ్చి, ఈసారి భార్యను వెతికింది. దీపం మీద ఆమె అసలే లేదు. అచ్చుబొమ్మలో తలుపు అంచున సగం ముఖం. పళ్లెం మీద వెనక్కి తిరిగిన వీపు. నూనె రంగుల పటంలో నల్లటి నీడ, ఆ నీడలోంచి ఒక చెయ్యి.

"అందరూ మిగిలిన చోటే ఇచ్చినారు ఈమెకు" అంది తెలుగులో, తనలో తాను.

"తర్వాత ఆమె ఏమైంది?" అని ఫ్రావు ఎస్సర్‌ను అడిగింది.

"ఆయన వెతుక్కుంటూ మళ్లీ మంటల్లోకి వెళ్తాడు. అక్కడ ఆమె ఛాయగా కనిపిస్తుంది. బతికున్నప్పటి కంటే పెద్దగా కనిపించిందని కావ్యంలో ఉంది."

జ్ఞానకుమారి చటుక్కున తలెత్తింది. "పెద్దగానా? మరి ఇక్కడ ఎవరూ పెద్దగా గీయలేదే!"

ఫ్రావు ఎస్సర్ బొమ్మలన్నిటి వైపూ ఒకసారి చూసింది. "లేదు. ఈ హాల్లో ఎవరూ గీయలేదు."

అప్పుడే డైరెక్టరు వచ్చాడు. పొడుగాటి మనిషి, మర్యాదస్తుడు. క్షమాపణ చెప్పబోతుంటే జ్ఞానకుమారి బల్ల మీద బట్ట పరిచింది.

"తప్పు నాదే. కథ సగమే విని గీశాను. కానీ మా బట్టలో ఒకే మనిషి ఎన్నిసార్లయినా కనిపిస్తాడు. గడి మారితే కథ ముందుకు పోతుంది. కింద ఖాళీ ఉంది, చూడండి. పైన ఉన్నది ఆయన చేయాల్సిన పని. కింద ఆయన చేసింది గీస్తాను. నాకు వచ్చే శనివారం దాకా టైమివ్వండి. అప్పుడు కూడా ఇది ఈ కథ కాదు అనిపిస్తే నేనే చుట్టి పట్టుకుపోతాను. క్యాంటీన్ దగ్గర మాత్రం పెట్టను."

డైరెక్టరు గడ్డం నిమురుకున్నాడు. "సరే, శనివారం" అన్నాడు.

ఆ వారం ఇంట్లో వంట టైటస్ చేశాడు. జ్ఞానకుమారి దుకాణం నుంచి రాగానే బట్ట దగ్గర కూర్చునేది. గుమ్మం దాటిన వీరుడిని బొగ్గుతో గీసింది. ముందు బుట్టలో తండ్రి, వెనక బుట్ట ఖాళీ. బద్దను సమంగా గీసింది. చూస్తే అబద్ధంలా ఉంది, గుడ్డతో దులిపేసింది. బద్దను తండ్రి వైపు వాల్చి గీసింది. అలా వాలిపోతే ముసలాయన నేల మీద పడాలి. అదీ దులిపేసింది. ఖాళీ బుట్టతో ఈ మనిషి కొండదాకా ఎలా నడిచాడు?

ఈవా భుజాన బడిసంచితో లోపలికి వచ్చి, ఒక పట్టీ కిందికి జారితే, సంచిని మెడ వైపు ఎగదోసుకుంది. ఆ పిల్ల అద్దంలో చూసుకోలేదు, ఆలోచించలేదు, ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతూనే ఉంది. జ్ఞానకుమారి చేతిలో పుల్ల ఆగింది. కాళహస్తి సంతలో కుండలు అమ్మే కావడివాళ్లు ఆమె కళ్ల ముందు నడిచారు. ఒక పక్క కుండ అమ్ముడైతే వాళ్లు ఆగరు. బరువున్న పక్కకు భుజాన్ని కొంచెం జరుపుతారు, అంతే. మళ్లీ సమంగా తూగుతుంది.

అలాగే గీసింది. బద్ద సమంగా ఉంది. కానీ భుజం నడిమధ్యలో లేదు, తండ్రి వైపు జానెడు జరిగి ఉంది. వీరుడి ముఖం ముందుకే చూస్తోంది. ఈసారి దులపలేదు. వెదురు కలం నల్లరంగులో ముంచింది.

ఆ పక్క గడి మొత్తం భార్యకు ఇచ్చింది. నీడలో కాదు. కలంకారీలో నీడ లేదు, ప్రతి మనిషికీ నిండు గీత ఉండాల్సిందే. గడి అంచునుంచి అంచుదాకా, బురుజుల కంటే ఎత్తుగా, పెద్ద కళ్లతో, పసుపు ముఖంతో ఆమె నిలబడింది. ఆమె మోకాలి దగ్గర వీరుడు ఎంతో చిన్నగా, చేతులు చాచి ఉన్నాడు. ముఖ్యమైనవాళ్లను పెద్దగా గీయడం ఆ విద్యలో మొదటి పాఠం. ఈ రెండు గడుల పై అంచున కాళహస్తి పద్ధతిలో గడి సంగతి తెలుగు అక్షరాల్లో రాసింది: వెనక బుట్ట ఖాళీ.

శనివారం డైరెక్టరు బల్ల చుట్టూ తిరుగుతూ చూశాడు. పై గడి చూశాడు. కింది గడి చూశాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, రెండు వేళ్లతో పై బద్ద మీద భుజం ఎక్కడుందో కొలిచాడు. అవే వేళ్లు తెచ్చి కింది బద్ద మీద పెట్టాడు. వేళ్లు అక్కడే ఉండిపోయాయి.

"ఈయన భుజం జరిపాడు" అన్నాడు మెల్లగా.

"జరిపాడు."

"అంటే ఈయనకు తెలుసా?"

"భుజానికి తెలిసింది. మెడ తిప్పలేదు."

డైరెక్టరు ఆ పెద్ద పసుపు ముఖాన్ని మళ్లీ చూశాడు. "బడిలో ఈ కావ్యం చదివాను. పెద్దగా కనిపించింది అన్న మాటను పరీక్ష కోసం బట్టీ పట్టాను. ఎంత పెద్దగానో ఎన్నడూ అనుకోలేదు" అన్నాడు. తర్వాత ఫ్రావు ఎస్సర్ వైపు తిరిగి, నూనె రంగుల పటాన్ని కొంచెం పక్కకు జరిపించమన్నాడు. బట్టకు నడిమి గోడ కావాలన్నాడు.

ప్రారంభం రోజున కొలోన్ చర్చివాళ్లు సగం రైలు నింపుకుని వచ్చారు. జ్ఞానకుమారి పట్టుచీర మీద కోటు తీసేసి, తిన్నగా తన బట్ట పక్కనున్న అట్ట దగ్గరికి వెళ్లింది. అచ్చు అక్షరాలు మిగతావాళ్లవి ఎంత ఉన్నాయో అంతే ఉన్నాయి. జ్ఞానకుమారి. పేరు తప్పు లేకుండా వేశారు. దాని కింద 'ఇండియా' అని ఉంది.

ఆమె పక్క అట్టలు చదివింది. అందరి పేరు కిందా ఊరుంది. దేశం లేదు. డైరెక్టరు చేతిలో ద్రాక్షరసం గ్లాసుతో అటు వస్తుంటే పిలిచింది.

"వీళ్లందరికీ ఊళ్లు వేశారు. నాకూ ఊరుంది."

ఆయన ముఖం ఎర్రబడింది. జేబులోంచి కలం తీశాడు. "నిజమే. ఏ ఊరు వేయమంటారు?"

"నేర్చుకుంది కాళహస్తి. గీసింది కొలోన్. రెండూ వేయండి."

"మ్యూల్‌హైమ్ కూడా వేయమను కుమారీ. ఆ వాసనంతా పీల్చింది ఆ వీధివాళ్లే గదా" అన్నాడు వెనకనుంచి టైటస్.

డైరెక్టరు అట్టను గోడ మీదే పట్టుకుని 'ఇండియా' కొట్టేశాడు. కాళహస్తి అన్న మాట జర్మన్ అక్షరాల్లో ఎలా రాయాలో జ్ఞానకుమారి ఒక్కొక్క అక్షరమే చెబుతుంటే ఆయన రాశాడు. వెనక జనం ఆగి చూస్తున్నారు. ఆమె తొందరపడలేదు. చివరి అక్షరం దాకా చెప్పి, రాసింది ఒకసారి సరిచూసి, అప్పుడు పక్కకు జరిగి వాళ్లకు దారిచ్చింది.